ఆయన పోతేగానీ ఆమెకు రాదా?

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి, పింఛన్ల పని చూసే సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) మంత్రి గారికి, మార్గదర్శకాలు రాసే అధికారులకు నమస్కరించి రాయునది ఏమనగా,

నేను ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊళ్లో ఉంటాను. ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. నా భార్యా టీచరే. నెల మొదట్లో మా ఇంట్లో రెండు ఫోన్లూ మోగుతాయి. నా పింఛను నా ఖాతాలో, ఆమెది ఆమె ఖాతాలో పడతాయి. ఇద్దరికీ కరువు భృతి ఉంది. (దాని బకాయిల సంగతి మా పెన్షనర్ల సంఘం వాళ్లు మీకు రాస్తూనే ఉన్నారు, ఇక్కడ ఎత్తను.) నాకు 70 దాటాయి కాబట్టి మూల పింఛను మీద ఇంకో 7 శాతం కలిసింది. ఒకే కుక్కర్లో అన్నం వండుకునే ఇద్దరికి రెండు పింఛన్లు ఎందుకని ఇన్నేళ్లలో ఏ ప్రభుత్వమూ మమ్మల్ని అడగలేదు. అడగకూడదు కూడా. నేను చేసిన నౌకరీ నాది, ఆమె చేసింది ఆమెది.

మా వీధి చివర రేకుల ఇంట్లో ఉన్న ముసలి ఆలుమగల్ని మాత్రం అడుగుతున్నారు, ఇంటికొక్కటే వృద్ధాప్య పింఛను అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఆయనకు 79, ఆమెకు 76. ఆధార్ కార్డు చెప్పే వయసులివి. ఇద్దరూ జనవరి 1నే పుట్టారు. మా ఊళ్లో ముసలివాళ్లు సగంమంది జనవరి 1న పుట్టినవాళ్లే, ఆధార్ తీసిన కుర్రాడి పుణ్యమా అని. నేను ఆయన్ను బావా అంటాను, ఆమెను అక్కా అంటాను. చుట్టరికమేమీ లేదు, ఊరి వరస. పెద్దకొడుకు బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. చిన్నవాడు ఒంగోల్లో ఆటో తోలుతాడు. కూతుర్ని పక్క మండలంలో ఇచ్చారు. రేషన్ కార్డులో మిగిలింది వీళ్లిద్దరే.

ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి స్కూటీ మీద వస్తుంది. బావ అప్పటికే తల దువ్వుకుని, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంటాడు. నలభై ఏళ్లు పొగాకు చేలల్లో ఆకు కొట్టి, పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర కర్రలు మోసిన చేతులు. వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. ముందు బొటనవేలు పెట్టిస్తుంది. పడదు. తడిగుడ్డతో తుడిచి చూపుడువేలు పెట్టిస్తుంది. అదీ పడదు. ఇక ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని "తాతా, కళ్లు ఆర్పు. ఇంకోసారి ఆర్పు. నన్ను కాదు, ఫోన్ని చూడు" అంటుంది. ఆయన రెండు కళ్లూ గట్టిగా మూసేసి ఇక తెరవడు. ఈ తంతు అయ్యాక ఎనిమిది ఐదువందల నోట్లు ఆయన చేతిలో పడతాయి. రెండుసార్లు లెక్కపెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టి, పిన్నీసు పెట్టుకుంటాడు.

అక్క ఇదంతా తలుపు రెక్క పట్టుకుని నిలబడి చూస్తుంటుంది.

బావ చెడ్డవాడేమీ కాదు. తాగడు. 2024 జులై 1న మీరు పెనుమాకలో పింఛను పెంపు మొదలుపెట్టిన రోజు, పాత నెలల తేడా 3,000 కలిపి మా ఊళ్లోనూ ఒక్కొక్కరికి 7,000 ఇచ్చారు గదా, ఆ నెల ఆయన అక్కకు చీర తెచ్చాడు. కానీ నెలనెలా లెక్క ఆయన చేతిలోనే ఉంటుంది. బియ్యం స్టోర్లో వస్తాయి. కిరాణా కొట్టు పాత బాకీ తీరాలి. ఆయన గుండె మాత్రలు, ఆయన చుట్టలు, కరెంటు బిల్లు. ఇవన్నీ పోను మిగిలితే అక్క అవసరం. బీపీ బిళ్లలు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. మోకాళ్లకు రాసుకునే తైలం, పంటి నొప్పి, కంటి అద్దాలకు విరిగిన కాడ, ఇవి ఊరికే రావు. అడిగితే "మొన్ననేగా ఇచ్చింది" అంటాడు. ఆ మొన్న అన్నది రెండు నెలల కిందటిది.

ఒకరోజు మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఆమె అన్న మాట నన్ను ఈ ఉత్తరందాకా తెచ్చింది. "యాభై ఏళ్లు పక్కపక్క సాళ్లలో పనిచేశాం అయ్యోరా. సాయంత్రానికి ఆయన కూలి ఆయనకిచ్చేవాళ్లు, నా కూలి నాకిచ్చేవాళ్లు. తక్కువే ఇచ్చేవాళ్లనుకో, కానీ నా చేతికే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు సర్కారు ఇస్తందంటే ఆయన చెయ్యే చూడాల్సొచ్చె."

పొగాకు రైతు కూడా ఆమెను వేరే మనిషిగానే లెక్కపెట్టాడు.

పోయిన వేసవిలో నేనే ఆమెను సచివాలయానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు మంచివాడు. నా దగ్గర చదువుకోలేదు గానీ లేచి కుర్చీ వేశాడు. కంప్యూటర్లో నంబరు కొట్టి ఒక్కొక్కటే చదివాడు. మూడెకరాల మాగాణి లేదు, పదెకరాల మెట్ట లేదు. నాలుగు చక్రాల బండి లేదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదట. వీళ్లది ఒక ఫ్యాను, రెండు బల్బులు. పట్నంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు లేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి లేడు. ఇన్‌కం టాక్స్ అనే మాట బావ జన్మలో పలికి ఉండడు. మీరు చెప్పే ఆరంచెల పరిశీలన మొత్తం దాటేసింది. ఏడో అడుగు దగ్గర ఆగింది. పెళ్లినాటి ఏడో అడుగు.

"ఇంట్లో ఒకరికి వస్తోంది గదా సార్" అన్నాడు కుర్రాడు.

"కొడుకుల్ని కార్డులోంచి విడగొడుతున్నారు గదా, ఈమెనూ విడగొట్టండి" అన్నాను.

"భార్యాభర్తల్ని విడగొట్టడానికి ఆప్షన్ లేదు సార్. విడాకుల కాగితం తెస్తే అవుద్ది."

అక్కకు చెవుడు లేదు. పకపకా నవ్వింది. "ఈ వయసులో ఇడాకులా? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు నాయనా, ముసలోడు ఎవుర్నో తగులుకున్నాడనుకోరూ?" ఆఫీసంతా నవ్వారు. నవ్వుల్లోనే కుర్రాడు ఆమెను ఓదార్చాలని ఇంకో మాట అన్నాడు: "నీకేం భయం లేదవ్వా. తాత తర్వాత నీకే వస్తది. ఇప్పుడైతే మరుసటి నెలలోనే ఇచ్చేస్తన్నారు."

"నోరు కడుక్కో నాయనా" అంది అక్క. ఇంటిదాకా మళ్లీ మాట్లాడలేదు.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. 2024 నవంబరు నుంచి మీరు తెచ్చిన ఏర్పాటే అది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు వెంటనే మంజూరు. అంతకుముందు భర్త పోయిన ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని నెలల తరబడి తిరగడం నేను చూశాను కాబట్టి ఇది మంచి మార్పేనని ఒప్పుకుంటాను. వరుసగా రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇవ్వడమూ మంచి మార్పే. బెంగుళూరు కొడుకు దగ్గరికి పోయి ఒకటో తారీఖుకు పడుతూ లేస్తూ బస్సెక్కి వచ్చే బాధ తప్పింది. ఇంటి గడప దగ్గరికి తెచ్చి ఇవ్వడం సరేసరి. 2024 ఏప్రిల్లో, ఎన్నికల ముందు, ఆ ఎండల్లో ముసలివాళ్లు పింఛను కోసం ఎలా తిరిగారో చూసినవాడికి దాని విలువ తెలుసు.

కానీ ఆ భర్త పోతే భార్యకు అన్న నిబంధనను ఒక్కసారి అక్క వైపు నిలబడి చదవండి. ఆమె వయసు సరిపోయింది. పేదరికం సరిపోయింది. కాగితాలన్నీ సరిపోయాయి. సరిపోనిదల్లా ఆయన బతికి ఉండటం. మీరు ఆమెకు పింఛను లేదనడం లేదు, కాస్త ఆగమంటున్నారు. దేనికోసం ఆగాలో ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మొన్న బావకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్క మంచం వాళ్లు చాటున అనుకున్నారట, "పోతే ముసలమ్మకన్నా దారి దొరుకుద్ది" అని. మాట విన్నది ఆయనే. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర కూర్చున్న ఆమెతో "నేను పోతే నీకు నాలుగువేలంటగా" అన్నాడట, వేళాకోళంగా. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

ఈ ఇంటికొక్కటి నిబంధన మీరు ఇవాళ పెట్టింది కాదని నాకు తెలుసు. ప్రభుత్వాలు మారినా అది మాత్రం మారలేదు. ఎందుకు పెట్టారో కూడా అర్థం చేసుకోగలను. నేను నౌకరీలో ఉండగా, 1995లో కేంద్రం జాతీయ సామాజిక సహాయ పథకం మొదలుపెట్టినప్పుడు వృద్ధులకు ఇచ్చింది నెలకు 75 రూపాయలు. తర్వాత చాలా ఏళ్లు మన దగ్గర 200. ఆ 200 ఇంట్లో ఎవరి పేరున వస్తే ఏం, కొట్లాడుకునేంత సొమ్ము కాదు. 2014 అక్టోబరులో వెయ్యి అయింది, 2019లో 2,000, ఆ తర్వాత మెట్టు మెట్టుగా 3,000, ఇప్పుడు 4,000. డబ్బు ఇరవై రెట్లయింది, నిబంధన 200 నాటిదే. 200కు ముసలివాళ్లు కృతజ్ఞత చెప్పేవాళ్లు. 4,000తో బతుకుతున్నారు. ఒకరి బతుకు వేరేవాళ్ల జేబులో పిన్నీసు కింద ఉంటే ఎలా ఉంటుందో మగవాళ్లం మనకు తెలిసే అవకాశం తక్కువ.

(ఇందులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు ఇప్పటికీ ఆ 200 రూపాయలే. 80 దాటితే 500. ఢిల్లీవాళ్లకు రాయాల్సిన ఉత్తరం వేరే ఉంది. అది రాయడానికి నాకు తెలిసిన తిట్లు చాలవు.)

"ఇంటిని యూనిట్‌గా తీసుకోవడం పద్ధతి" అని మీ అధికారులు చెప్పవచ్చు. అయితే మీరే ఆ పద్ధతిని ఎక్కడ వదిలేశారో గుర్తుచేస్తాను. ఇదివరకు బడికి పోయే పిల్లల డబ్బు తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే వచ్చేది. ఇద్దరు చదువుకుంటే రెండోవాడిది లేదు. 2025 జూన్‌లో మీరు తల్లికి వందనం ఇచ్చినప్పుడు ఇంట్లో ఎంతమంది చదువుకుంటే అంతమందికీ ఇచ్చారు. మా ఊళ్లో ముగ్గురు పిల్లలున్న తల్లి ముగ్గురి డబ్బూ తీసుకుంది. రెండో బిడ్డ కూడా బిడ్డే అని మీరు ఒప్పుకున్నారు. సంతోషం. రెండో ముసలి మనిషి కూడా మనిషే గదా. రేషన్ బియ్యం మనిషికి ఐదు కిలోల లెక్కనే తూస్తున్నారు. ఓటు తలకొకటి. వీళ్లిద్దరూ కలిసి ఒక ఓటు వేసుకోండని ఎవరూ అనలేదు, ఎన్నికలప్పుడు ఇద్దరికీ వేర్వేరుగానే దండాలు పెట్టారు. 2025 ఆగస్టు 15 నుంచి బస్సు కూడా ఆడవాళ్లకు ఉచితం. అక్క ఆధార్ కార్డు చూపించి కూతురి ఊరిదాకా పైసా లేకుండా పోయి రాగలదు. కానీ పోవడం లేదు. మనవళ్ల చేతిలో పెట్టడానికి పది రూపాయల బిస్కెట్ పొట్లమైనా లేకుండా ఎట్టా పోను అంటుంది.

నిబంధన రాతి మీద చెక్కింది కాదనడానికి మీ మార్గదర్శకాల్లోనే సాక్ష్యం ఉంది. ఇంట్లో వృద్ధాప్య పింఛను ఉన్నా, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లుంటే, డయాలసిస్ రోగులుంటే వాళ్లకు విడిగా ఇస్తున్నారు. అంటే ఒక మనిషి కష్టం ఇంకో మనిషి పింఛనుతో తీరదని మీకు తెలుసు. తెలంగాణలో 2014లో ఆసరా పింఛన్ల నిబంధనలు రాసినప్పుడు వాళ్లూ వృద్ధాప్య పింఛను ఇంటికొకరికే అన్నారు గానీ, ఆడవాళ్లకు ప్రాధాన్యం అని ఒక్క మాట చేర్చారు. ఆ మాత్రమూ మన దగ్గర లేదు. ముందు ఎవరికి 60 నిండితే వాళ్లది. మన పెళ్లిళ్లలో ఎప్పుడూ మగవాడికే ముందు నిండుతాయి. హర్యానాలో మొగుడూపెళ్లాల ఆదాయం కలిపి ఏడాదికి 3 లక్షలు దాటకపోతే ఇద్దరికీ విడివిడిగా ఇస్తారు. అక్కడ కొంప మునిగిపోలేదు.

ఇది ఒక్క ఆలుమగల సమస్య కూడా కాదు. మా బజారులోనే 88 ఏళ్ల తల్లి, 66 ఏళ్ల కొడుకు ఒకే కార్డులో ఉన్నారు. కోడలు లేదు, చనిపోయింది. కొడుకు ముసలివాడైపోయాడు గానీ తల్లికి వస్తున్నందువల్ల కాగితాల్లో ఇంకా కుర్రవాడే. తల్లిని చూసుకోవాల్సినవాడు, తల్లి పింఛనుతో తింటున్నాడు. రాష్ట్రంలో వయసు మీరినవాళ్లు పెరిగిపోతున్నారని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి గారే కలతపడి చెప్పారు. మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ భయంతోనే, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. పిల్లల్ని కనండి అంటున్నారు, సరే. ఇవాళ పుట్టే బిడ్డ సంపాదనలో పడటానికి ఇరవై ఐదేళ్లు. అక్కకు అంత వ్యవధి లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు ఉండటం ఇకముందు మామూలైపోతుంది. అప్పుడు ఈ ఇంటికొక్కటి ఎన్ని ఇళ్లలో తగవు పెడుతుందో ఆలోచించండి.

కొడుకులు చూడాలి గదా అనేవాళ్లున్నారు. మా ఇంట్లో కూడా ఉన్నారు. నా తమ్ముడే అన్నాడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం ఆర్డీవో గారి దగ్గర ఫిర్యాదు చేస్తే నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు, నిజమే. ఆ ఒంగోలు కొడుకు ఆటో కిస్తీలు కట్టలేక దాన్ని ఫైనాన్స్ వాళ్లకు కనపడకుండా మేనమామ ఇంటి దగ్గర పెట్టుకున్నాడు. వాడి మీద కేసు పెట్టమని ఏ తల్లికి చెప్పను?

డబ్బు సంగతి నాకు తెలియనిది కాదు. ఇప్పటికే 60 లక్షల పైచిలుకు మందికి నెలకు రమారమి 2,700 కోట్లు పంచుతున్నారు. ఒక్క కలంపోటుతో ప్రతి ఇంటికీ రెండోది ఇవ్వమని అడిగితే మీరు నా ఉత్తరం పక్కన పెడతారు. కనుక పాఠం చెప్పేవాడి అలవాటు కొద్దీ సులువైన దాంతో మొదలుపెడతాను. భార్యాభర్తలు ఇద్దరూ 75 దాటిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీ దగ్గర లెక్క ఉంది. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి మ్యాపింగ్ అన్నీ ఒకే చోట ఉన్నాయి గదా, మధ్యాహ్నానికి లెక్క తీయవచ్చు. ముందు ఆ ఇళ్లలో ఆమెకు విడిగా ఇవ్వండి. మరుసటి ఏడు 70కి దించండి. ఆ తర్వాత 65. మొదటి ఏడాది 4,000 కుదరకపోతే 2,000తో మొదలుపెట్టినా నేను వచ్చి దండ వేస్తాను.

అదీ కుదరదంటే ఇంకో దారి ఉంది. చెప్పడానికి మనసొప్పడం లేదు. ఉన్న 4,000నే చెరి సగం చేసి ఇద్దరి చేతుల్లో విడివిడిగా పెట్టండి. పేదవాడి పింఛనును సగానికి కోయమనడం అన్యాయమని నాకు తెలుసు. బావ మందుల డబ్బు అందులోంచే పోవాలి. ఈ మాట అక్కతో అన్నప్పుడు ఆమె ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. "రెండువేలు నా చేతికొస్తే ఆయన మందులు నేనే కొనిస్తా అయ్యోరా. చుట్టలు మాత్రం కొనను" అంది.

నిబంధన మార్చడానికి అసెంబ్లీ అక్కర్లేదు. ఒక జీవో చాలు. అందులో కుటుంబానికి ఒకరు అన్నచోట అర్హత ఉన్న ప్రతి వృద్ధుడికీ, వృద్ధురాలికీ అని రాయాలి. వృద్ధురాలు అన్న మాట విడిగా రాయండి. పండితుణ్ణి గదా, చెబుతున్నాను. వృద్ధులు అంటే ఇద్దరూ వస్తారనుకుంటాం గానీ సచివాలయం కంప్యూటర్‌కు వ్యాకరణం రాదు.

ఈ ఉత్తరం రాస్తున్నానని మొన్న అక్కతో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. గడప దాటి వెళ్లబోతున్నది ఆగి, వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, "మా పేర్లు మాత్రం రాయమాక అయ్యోరా. ఉన్నదిగూడా తీసేస్తారు" అంది.

అందుకే రాయలేదు.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు పండితుడు,
ప్రకాశం జిల్లా